నేలకు దిగుతున్న కార్లు

వాహనాన్ని ఎత్తుగా నిలబెట్టడం ఒకనాడు మన మెకానిక్కులకు ఘనకార్యం. అంబాసిడర్ కారు వెనుక భాగం నలుగురు ఎక్కగానే కుంగిపోతున్నదని యజమాని మొరపెట్టుకుంటే, ఉస్తాదు కమానుకు మరొక పట్టీ ఎక్కించి పంపేవాడు. కారు తలెత్తుకొని తిరిగేది. నేడు పరిస్థితి తారుమారైనది. కొత్త కారు కొన్న యువకుని మొదటి కోరిక దానిని నేలకు దించడం. చక్రానికీ, పైనున్న రేకు అంచుకూ మధ్య నాలుగు వ్రేళ్ళ సందు కనిపిస్తే అది అతనికి అవమానం. ఆ సందులో ఒక్క వ్రేలు మాత్రమే పట్టాలి. ఈ పనిని పెద్ద కర్మాగారాలలో కాదు, అద్దె ఇంటి వాకిట్లో, ఆదివారం మధ్యాహ్నం, ఇద్దరు స్నేహితుల సాయంతో చేస్తున్నారు.

నేను భౌతికశాస్త్రం బోధించే వాడిని. వేగంగా కారు నడపడం నాకు చేతకాదు. అయినా ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పే హక్కు నాకు కలిగిన విధం ముందుగా మనవి చేస్తాను.

మా మేనల్లుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. పాతదే అయినా పొంకమైన ఫోక్స్‌వాగన్ పోలో జి.టి. కారు కొన్నాడు. 1.2 లీటర్ల చిన్న ఇంజను, దానికి టర్బో, 105 అశ్వశక్తి. ఈ కార్ల అమ్మకం మన దేశంలో 2022లో నిలిచిపోయింది కనుక ఉన్నవారు వాటిని ప్రాణప్రదంగా చూసుకుంటారు. మావాడు ప్రాణప్రదంగా చూసుకున్న తీరు ఏమిటంటే, రాళ్ళు కోసే గ్రైండరుతో నాలుగు స్ప్రింగులలోనూ ఒక్కొక్క చుట్టు కోసివేశాడు. కారు 40 మిల్లీమీటర్లు దిగింది. ఫోటోలు తీసి నాకు కూడా పంపాడు. నిజం చెప్పవద్దూ, చూడడానికి బాగానే ఉన్నది.

నెల తరువాత తల్లిని వెంటబెట్టుకొని కర్నూలు వచ్చాడు. జాతీయ రహదారి దిగి మా ఊరి దారిలోకి మళ్ళిన తరువాత, ఒక గుంతలో వెనుక చక్రం వ్రేలాడింది. పొట్టిదైపోయిన స్ప్రింగు తన గిన్నెలో నుంచి జారి ప్రక్కకు ఒరిగింది. చక్రం తిరిగి నేలను తాకేసరికి కారు ఒక ప్రక్కకు కూలబడి, రోడ్డు దిగి తుమ్మచెట్ల మధ్య ఆగింది. వెనుక సీటులో కూర్చున్న మా అక్కయ్య నడుము పట్టుకొని మూడు వారాలు మంచం దిగలేదు. ఎదురుగా లారీ రాకపోవడం అదృష్టం. అందులో మావాని నేర్పు ఏమీ లేదు.

ఆ రాత్రి వాడు నాతో, "మామా, స్ప్రింగు కొయ్యడం తప్పే. కాని కారు కిందికి దిగితే రోడ్డు మీద బాగా పట్టుకుంటుంది కదా, అది మీ ఫిజిక్సే కదా?" అన్నాడు. ప్రశ్న సరియైనదే. దానికి సరియైన సమాధానం చెప్పకుండా యువకులను మందలించడం వలన ప్రయోజనం లేదని నాకు తోచింది.

అవును, అది భౌతికశాస్త్రమే. కారు మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రాల మీది భారం కొంత బయటి చక్రాల మీదికి పోతుంది. ఎంత పోతుందన్నది గరిమనాభి నేల నుండి ఎంత ఎత్తున ఉన్నదన్న దానిపై, చక్రాల మధ్య వెడల్పుపై ఆధారపడుతుంది. గరిమనాభి 550 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నదనుకుందాం. దానిని 30 మిల్లీమీటర్లు దించితే, భారపు బదలాయింపు నూటికి అయిదు పాళ్ళకు కొంచెం మించి తగ్గుతుంది. లాభం ఇంతే. పందెపు మైదానంలో ఈ అయిదు పాళ్ళ కోసం మనుషులు నిద్రాహారాలు మానుతారు, అది వారి వృత్తి. బియ్యం బస్తా, తల్లి, ఇద్దరు పిల్లలు ఎక్కే కారుకు ఈ అయిదు పాళ్ళు ఏపాటివో పాఠకులే ఆలోచించాలి.

నష్టం మాట చూద్దాం. పోలో వంటి కార్లలో ముందు చక్రాలకు మాక్‌ఫర్సన్ అనే ఇంజనీరు పేరిట ప్రసిద్ధికెక్కిన నిట్టాడు అమరిక ఉంటుంది. ఒకే దండంలో షాకబ్జర్, దాని చుట్టూ స్ప్రింగు, క్రింద ఒక అడ్డచేయి. చవకైనది, తక్కువ చోటులో ఇముడుతుంది. కనుకనే లోకమంతటా వ్యాపించింది. మలుపులో కారు శరీరం ప్రక్కకు ఒరిగేటప్పుడు ఒక ఊహాబిందువు చుట్టూ ఒరుగుతుంది. దాని స్థానం ఆ అడ్డచేయి వాలు మీద ఆధారపడి ఉంటుంది. కారును దించినప్పుడు అడ్డచేయి వాలు మారి, చక్రం వైపు కొస పైకి లేస్తుంది. అప్పుడు గరిమనాభి 30 మిల్లీమీటర్లు దిగితే, ఈ ఒరుగుడు బిందువు అంతకంటె ఎక్కువ దిగిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరుగుతుంది. ఆ దూరమే కారును ఒరగదోసే భ్రామకానికి చేయి. అనగా, స్ప్రింగు తగినంత గట్టిది కాకపోతే, దించిన కారు మునుపటి కంటె ఎక్కువగా ఒరుగుతుంది! అందం కోసం చేసిన పని ఆశించిన దానికి విరుద్ధమైన ఫలితమిస్తుంది. ఈ సంగతి మావానికి చెప్పినప్పుడు వాడు చాలాసేపు మాట్లాడలేదు.

స్ప్రింగు కోయడంలో ఇంకొక వింత ఉన్నది. చుట్టు తగ్గితే స్ప్రింగు మెత్తబడుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, గట్టిపడుతుంది. పనిచేసే చుట్లు ఆరు ఉన్నచోట అయిదు మిగిలితే బల స్థిరాంకం ఆరుకు అయిదు నిష్పత్తిలో, అనగా నూటికి 20 పాళ్ళు పెరుగుతుంది. దానికి తగినట్లు డోలనాలను అణచే షాకబ్జర్ బలం కూడా పెరగాలి. వర్గమూలం లెక్కన సుమారు పది పాళ్ళు. షాకబ్జర్ మాత్రం పాతదే, అప్పటికే 60 వేల కిలోమీటర్లు తిరిగి అలసినది. ఇక చక్రం పైకి లేవడానికి మిగిలిన చోటు తగ్గిపోయింది కనుక, చిన్న గతుకుకే దండం వెళ్ళి చివరనున్న రబ్బరు దిమ్మెను గుద్దుకుంటుంది. కారు స్ప్రింగు మీద గాక ఆ దిమ్మె మీద నడుస్తూ ఉంటుంది. "గట్టిగా, రేసు కారులాగా ఉన్నది" అని మావాడు మురిసిపోయినది ఆ గుద్దుళ్ళకే.

ఇక మన దారుల విషయం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం స్పీడ్ బ్రేకరు వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలి. 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలోని ముక్క అన్నమాట. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో కుదుపు లేకుండా దాటడానికి అది ఉద్దేశించబడినది. మా పోలో ముందు వెనుక చక్రాల మధ్య దూరం సుమారు 2.47 మీటర్లు. నాలుగు చక్రాలూ ఆ వంపు మీద ఉన్నప్పుడు కారు కడుపు క్రిందికి పొడుచుకు వచ్చే ఎత్తు లెక్కకడితే 45 మిల్లీమీటర్లు మాత్రమే. ఎంత దించిన కారైనా దాటిపోతుంది.

కాని అటువంటి స్పీడ్ బ్రేకరును మా పట్టణంలో ఎవరైనా చూశారా? మా వీధి మలుపులో ఉన్నదానిని నేను అడుగుబద్దతో కొలిచాను. ఎత్తు 130 మిల్లీమీటర్లు, వెడల్పు మీటరు కంటె తక్కువ. కాలనీవారు రాత్రికి రాత్రి సిమెంటు పోసి, ఉదయానికి గట్టిపరచిన గోడ అది. ముందు చక్రాలు దాటి, వెనుక చక్రాలు ఇంకా రాకముందు, ఆ 130 అంతా కడుపు క్రిందనే ఉంటుంది. పోలోకు నేల నుండి కడుపు వరకు ఎడమ సుమారు 165. అయిదుగురు కూర్చుంటే మరొక 25 తగ్గి 140. తయారైనప్పటి ఎత్తులోనే పది మిల్లీమీటర్ల వెలితితో దాటుతుంది. దానిలో 40 కోసివేస్తే ఏమవుతుందో మూడవ తరగతి బాలుడు కూడా చెప్పగలడు. అక్కడ నూనె తొట్టి పగిలి నల్లని చార కారిన కార్లను మా వీధివారు ఎన్నో చూశారు. ఈ తప్పు దించినవానిదా, గోడ కట్టినవారిదా అంటే ఇద్దరిదీ అంటాను. ఆ గోడ అంబులెన్సులోని రోగికి కూడా గోడే.

ఇంతవరకు చదివి, ఇంటి దగ్గర పానా పట్టుకోవడమే తప్పని ఈ వ్యాసకర్త చెబుతున్నాడని కొందరు అనుకోవచ్చు. సరిగ్గా దీనికి వ్యతిరేకమైనది నా అభిప్రాయం. పట్టా పుచ్చుకున్న ఇంజనీరు తన కారు చక్రం విప్పలేక, దారిలో నిలబడి ఫోను చేస్తూ ఉండడం చూస్తే నాకు జాలి కలుగుతుంది. చేతికి మసి అంటితే గౌరవం తగ్గుతుందన్న భావం మన చదువులకు పట్టిన పెద్ద చీడ. మావాడు గ్రైండరు పట్టినందుకు నాకు కోపం లేదు. కొలత లేకుండా పట్టినందుకు కోపం.

కనుక తప్పు జరిగిన చోటనే దిద్దుకోవాలని నిశ్చయించి, మా పెరటిలోనే పని పెట్టాము. మా వీధిలో నలభై సంవత్సరాలు షెడ్డు నడిపి విశ్రాంతి తీసుకుంటున్న ఒక ఉస్తాదుగారిని బ్రతిమాలి పిలిపించాము. ఆయన కుర్చీలో కూర్చుంటాడు, చేతులు మావానివి. ఇది ఒప్పందం.

మొదటి సాయంత్రం పని ఏమీ చేయనివ్వలేదు. బోల్టులన్నిటికీ తుప్పు విడిచే నూనె కొట్టించి, "రాత్రంతా నాననీ బేటా" అని వెళ్ళిపోయాడు. మరునాడు జాకీ ఎత్తిన వెంటనే ఇనుప స్టాండ్లు పెట్టించాడు. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. జాకీని నమ్మి కారు క్రింద దూరినవారి కథలు ఆయన రెండు చెప్పాడు, అవి ఇక్కడ వ్రాయను. వెనుక చక్రాల పని సులువు. స్ప్రింగు వేరు, షాకబ్జర్ వేరు. షాకబ్జర్ క్రింది బోల్టు తీసి దూలాన్ని మెల్లగా దింపితే స్ప్రింగు చేతికి వస్తుంది. ముందు పని కఠినం. దండం అడుగు భాగం, చక్రాన్ని మోసే ఇనుప పిడికిలిలో గట్టిగా ఇరికి ఉంటుంది. ఆ పిడికిలి చీలికలో చిన్న పనిముట్టు దూర్చి తిప్పితే పట్టు సడలుతుంది. మావాడు సుత్తి ఎత్తబోతే ఉస్తాదుగారు కర్రతో వాని మోచేయి తట్టాడు.

దండం బయటికి వచ్చిన తరువాతనే అసలు ప్రమాదం. స్ప్రింగు ఇంకా నొక్కుడులోనే ఉంటుంది. పైనున్న ఒకే ఒక నట్టు దానిని బంధించి ఉంచుతుంది. మిల్లీమీటరుకు 25 న్యూటన్ల బలం గల స్ప్రింగును 150 మిల్లీమీటర్లు నొక్కితే, అందులో సుమారు 280 జౌళ్ళ స్థితిజ శక్తి నిలువ ఉంటుంది. 20 కిలోల బస్తా 1.4 మీటర్ల ఎత్తు నుండి పడినదానితో సమానం. అది ముఖం మీద పడితే ఎట్లా ఉంటుందో ఊహించండి. అందువలన కొక్కేల పనిముట్లు రెండు ఎదురెదురుగా తగిలించి, ఇటు రెండు చుట్లు అటు రెండు చుట్లు బిగిస్తూ, స్ప్రింగు గిన్నెలో వదులైన తరువాతనే ఆ నట్టు ముట్టాలి. "స్ప్రింగు ముఖానికి ఎదురుగా నీ ముఖం పెట్టకు బేటా, అది నిన్ను గుర్తుపట్టదు" అన్నాడు ఉస్తాదుగారు. నా లెక్క కంటె ఆ మాటే వానికి బాగా తలకెక్కినది.

కొత్తగా ఏమి బిగించాలన్న దగ్గర ఇంట్లో వాదం నడిచింది. మావాడు 30 మిల్లీమీటర్లు దించే స్ప్రింగులు, వాటికి తగిన షాకబ్జర్లు కలిపి అమ్మే సెట్టు కొనాలన్నాడు. కోసిన స్ప్రింగుతో పోలిస్తే అది నూరు రెట్లు మేలైన పని, ఎందుకంటే కొసలు సరిగ్గా కూర్చుంటాయి, బలం లెక్క ప్రకారం ఉంటుంది. కాని మా వీధి గోడ 130 మిల్లీమీటర్లు అలాగే ఉన్నది. నేను తయారీదారుని కొలత గల కొత్త స్ప్రింగులు, అదే పొడవులో మేలురకం షాకబ్జర్లు, పగిలిన రబ్బరు బుష్‌ల స్థానంలో కొత్తవి, నాలుగు మంచి టైర్లు అన్నాను. సస్పెన్షన్‌ను మెరుగుపరచడమంటే నా దృష్టిలో ఇది. కారు నేలకు ఎంత దగ్గరగా ఉన్నదన్నది గాక, చక్రం నేలను ఎంతసేపు విడువకుండా ఉన్నదన్నది చూడాలి. చివరకు మా అక్కయ్య, మంచం మీద నుంచే, నా ప్రక్క తీర్పు చెప్పినది.

ఒక చిన్న రహస్యం ఉస్తాదుగారు చివరలో చెప్పాడు, ఇది చాలా షెడ్డులలో పాటించడం లేదు. రబ్బరు బుష్ గల బోల్టులను చక్రం గాలిలో వ్రేలాడుతుండగా బిగించరాదు. కారు నేల మీద తన బరువుతో నిలిచిన తరువాతనే ఆఖరి బిగింపు. లేకపోతే రబ్బరు ఎల్లప్పుడూ మెలితిరిగి ఉండి, ఏడాదిలో చీలిపోతుంది. పిమ్మట చక్రపు నడుమ నుండి రేకు అంచు వరకు నాలుగు వైపులా దారంతో కొలిచాడు. నేల నుండి కొలిస్తే టైరు గాలి లెక్క తప్పిస్తుందట. ఆ మీదట ఎలైన్‌మెంటు. దించినా ఎత్తినా చక్రపు వాలు, మొగ్గు మారతాయి. సరిచేయకపోతే కొత్త టైరు లోపలి అంచు చూస్తుండగానే అరిగిపోతుంది. హెడ్‌లైట్ల చూపు కూడా సరిచూసుకోవాలి, లేకపోతే ఎదుటివాని కళ్ళు పోతాయి.

చట్టం ఏమంటున్నదన్న ప్రశ్న మిగిలింది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించగా రిజిస్ట్రేషన్ పత్రంలోకి ఎక్కిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో కేరళ నుండి వచ్చిన వ్యాజ్యంలో దీనిని ఖండితంగా చెప్పింది. అదే సంవత్సరపు సవరణ చట్టం, అనుమతి లేని ప్రతి మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చునన్నది. స్ప్రింగు ఎత్తు పత్రంలో లేదు కదా అని మావాడు వాదించాడు. ప్రమాదం జరిగినప్పుడు, బీమా కంపెనీవారి ఎదుట ఆ వాదం నిలుస్తుందని నేను నమ్మను.

అయితే ఈ చట్టం తీరుపై నాకు ఒక ఫిర్యాదు ఉన్నది. గ్రైండరుతో కోసిన స్ప్రింగునూ, లెక్కకట్టి తయారుచేసిన స్ప్రింగునూ ఇది ఒకే గాటన కడుతున్నది. అన్నీ నేరమే అయినప్పుడు, యువకుడు చవకైన నేరాన్ని ఎంచుకుంటాడు. జర్మనీలో ఉంటున్న నా పూర్వ విద్యార్థి ఒకడు తన అనుభవం వ్రాశాడు. అతడు తన కారుకు కొద్దిగా దించే స్ప్రింగులను స్నేహితుని షెడ్డులో స్వయంగా బిగించుకున్నాడు. వాటితో పాటు పరీక్షా నివేదిక వచ్చింది. వెంటనే అధికారం గల తనిఖీ సంస్థకు కారు తీసుకొనిపోతే, అక్కడి ఇంజనీరు ఎత్తు కొలిచి, స్టీరింగు రెండు వైపులా చివరంటా తిప్పించి టైరు ఎక్కడైనా తగులుతున్నదా చూసి, సరియని ధ్రువపత్రం ఇచ్చాడట. అక్కడ నిబంధన మనకంటె కఠినం. కాని తలుపు మూసి లేదు, తలుపు దగ్గర కొలిచేవాడు ఒకడు నిలబడి ఉన్నాడు. మన రవాణా కార్యాలయాలలో ఇటువంటి తనిఖీ ఏర్పాటైతే, మన పాలిటెక్నిక్ విద్యార్థులకు పని దొరుకుతుంది, గ్రైండర్లకు విశ్రాంతి లభిస్తుంది. అది వచ్చేవరకు మన కార్ల ఎత్తు ఉన్నంతే ఉండనివ్వడం మంచిదని నా సలహా.

కోసిన నాలుగు స్ప్రింగులను పాత ఇనుముకు వేయవద్దని చెప్పి, రెండింటిని మా ప్రయోగశాలకు తెప్పించాను. ఇప్పుడు రెండవ సంవత్సరం విద్యార్థులు వాటి మీద తూకపురాళ్ళు పేర్చి, అడుగుబద్ద ప్రక్కన నిలబెట్టి బల స్థిరాంకం కనుగొంటున్నారు. సరిపోల్చడానికి కోయని స్ప్రింగు ఒకటి కావాలి. ఉస్తాదుగారు తన పాత షెడ్డులో వెదకి పంపుతానన్నాడు.